మంగళ, గురు, శనివారాల్లో రా

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది రెండు వారాలైంది. "ఊరి చివర అంత చల్లటి ఇల్లు వదులుకుని నగరం నడిబొడ్డున ఆ ఇరుకులో ఎలా ఉంటున్నావు?" అని అడిగావు. రెండు ముక్కల్లో జవాబు రాసి పంపడానికి మనసొప్పలేదు. ఈరోజు ఆదివారం, తీరిక దొరికింది. నింపాదిగా చదువు.

ఇరుకు మాట నిజమే. మాకూ పక్కింటివాళ్లకూ గోడ ఒకటే. వాళ్లు కుళాయి తిప్పితే నాకు వినిపిస్తుంది, నేను దగ్గితే వాళ్లకు వినిపిస్తుంది. తెల్లవారుజామున సరుకు దించే లారీల చప్పుడుకే మెలకువ వస్తుంది. మంచం వేస్తే బల్లకు చోటుండదు. వీటన్నిటికీ నెలలోపే అలవాటు పడ్డాను. కావలసినవన్నీ నడకదూరంలో ఉండటం ఎంత సుఖమో కూడా తెలిసింది. అలవాటు కానిది ఒక్కటే. ఇంట్లో ఊపిరాడక బయటికి వస్తే ఊరికే కూర్చోవడానికి చోటు లేదు. ఎక్కడ కూర్చోవాలన్నా ఏదో ఒకటి కొనాలి, కొన్నది అయిపోగానే లేవాలి.

మా వీధి మలుపులో ఒక రెండంతస్తుల పాత భవనం ఉంది. బోర్డు మీద రంగు వెలిసిపోవడంతో ఏదో కార్యాలయం కాబోలనుకుని రోజూ దాని ముందు నుంచే నడిచేదాన్ని. ఒక సాయంత్రం హఠాత్తుగా వాన అందుకుంటే తలదాచుకోవడానికి లోపలికి వెళ్లాను. అది గ్రంథాలయం. తడిసిన గొడుగు మూలన పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఎందుకు వచ్చారని ఎవరూ అడగలేదు. వాన వెలిసిన తర్వాత కూడా గంటసేపు అక్కడే ఉండిపోయాను. ఈ పేటకు వచ్చాక మనసు కుదుటపడింది ఆరోజే.

ఇప్పుడు అక్కడి వేళలన్నీ నాకు కంఠతా వచ్చు. పొద్దున పత్రికల గది పెద్దవాళ్లది. ఒక్క పత్రికను నలుగురు విడదీసుకుని, మాటామంతీ లేకుండా పేజీలు మార్చుకుంటారు. వారిలో ఒకాయన భూతద్దం పట్టుకుని ప్రకటనలతో సహా చదువుతారు. పదింటి నుంచి మేడ మీద గది పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో నిండిపోతుంది. వాళ్లలో చాలామంది అక్కడి పుస్తకాలు ముట్టుకోరు, తమవి తామే తెచ్చుకుంటారు. వాళ్లకు కావలసింది వెలుతురు, నిశ్శబ్దం, ఒక బల్ల. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉంటే ఆ మూడూ ఎక్కడ దొరుకుతాయి? బడి వదిలాక పిల్లలు వస్తారు, అమ్మానాన్నలు పని నుంచి తిరిగి వచ్చేదాకా ఉంటారు. గ్రంథాలయం అంటే నాకు ఇదివరకు పుస్తకాల బీరువాలే గుర్తొచ్చేవి. ఇప్పుడు కుర్చీలు గుర్తొస్తున్నాయి.

పుస్తకాల సంగతి చెప్పలేదని కోప్పడకు. మన భాష పుస్తకాలు పై అంతస్తులో, గోడవారన ఉన్నాయి. వీపుల మీద 894.827 అని అంకె. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో అమర్చడానికి 1876లో అమెరికా గ్రంథాలయ నిపుణుడు మెల్విల్ డ్యూయీ మొదలుపెట్టిన దశాంశ వర్గీకరణలో తెలుగు సాహిత్యానికి దక్కిన అంకె అది. ఆ పద్ధతి పాటించే గ్రంథాలయం ఏ దేశంలో ఉన్నా, తెలుగు సాహిత్యం మామూలుగా ఆ అంకె దగ్గరే దొరుకుతుందని తెలిసి నాకు ఎంత సంతోషం కలిగిందో!

ఆ అరలోంచి ఒక పాత కథల సంపుటం తెచ్చుకున్నాను. చివరి అట్ట లోపల గడువు తేదీల చీటీ అంటించి ఉంది. పైభాగంలో ఊదారంగు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటి మూడేళ్లలో ఎవరూ దాన్ని అరలో నిలవనిచ్చినట్టు లేదు. ఆ తర్వాత తేదీలు పలచబడి 1987 దగ్గర ఆగిపోయాయి. దాని కింద 2006లో ఒకే ఒక్క ముద్ర. దాని కింద నాది. ఆ 2006 మనిషి ఎవరో! బహుశా ఈ వీధిలోనే, ఇలాంటి గోడల మధ్యే కూర్చుని చదివి ఉంటారు. నలభై రెండో పేజీలో ఒక వాక్యం పక్కన పెన్సిలుతో సన్నటి గీత ఉంది. నాకూ ఆ వాక్యం దగ్గరే మనసు ఆగింది.

కింది వాటాలో ఉండే అమ్మాయి తొమ్మిదేళ్లది. నాతో పాటే వచ్చేది, ఉన్నట్టుండి మానేసింది. అడిగితే ముందు చెప్పలేదు. తీసుకున్న బొమ్మల పుస్తకం గడువు దాటి రెండు నెలలైందట. జరిమానా ఎంతవుతుందోనన్న భయంతో దాన్ని పరుపు కింద దాచింది. ఇద్దరం కలిసి వెళ్లి ఇచ్చేశాం. లైబ్రేరియన్ గారు పుస్తకం తీసుకుని, పిల్ల చేతిలో ఇంకొకటి పెట్టి పంపించారు. అందరికీ అలాంటి మనిషి ఎదురుపడరు కదా. షికాగో నగర గ్రంథాలయం 2019లో ఆలస్యపు జరిమానాలను పూర్తిగా ఎత్తేసింది. అన్నిచోట్లా ఎత్తేయాలని నా గట్టి నమ్మకం. ఆ కొద్దిపాటి డబ్బు కోసం ఒక పిల్లను గుమ్మం తొక్కకుండా చేసుకోవడం ఏం న్యాయం?

అసలు బెంగ వేరే ఉంది. పోయిన నెల తలుపు మీద నోటీసు అంటించారు, రాత్రి ఎనిమిదికి బదులు సాయంత్రం అయిదుకే మూసేస్తామని. అయిదింటికి మూసేస్తే పనికి వెళ్లేవాళ్లు ఎప్పుడు రావాలి? పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? పత్రికల గది పెద్దలు, పై గది విద్యార్థులు అంతవరకు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఎరగరు. ఆ సాయంత్రం అందరూ మెట్ల మీద గుమిగూడారు. వినతిపత్రం రాసే పని నాకు అప్పగించారు. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది "పుస్తకాలు ఉపయోగానికే" అని కదా. పుస్తకాలు ఉంటే చాలదని, గ్రంథాలయం ఎక్కడ ఉంది, ఏ వేళల్లో తెరిచి ఉంది అన్నవి కూడా ఆ సూత్రం కిందికే వస్తాయని ఆయన వివరించారు. ప్రజా గ్రంథాలయాల గురించి యునెస్కో 1994లో చేసిన ప్రకటన కూడా పాఠకులకు అనువైన వేళల్లో, చాలినంతసేపు తెరిచి ఉంచాలని చెప్పింది. ఆ రెండూ రాశాను. వాటి కింద మా మాటగా, ఏ వేళకు ఎవరెవరు వస్తారో వరుసగా రాశాను. భూతద్దం పెద్దాయన మొదటి సంతకం పెట్టారు. కింది వాటా అమ్మాయి గుండ్రటి అక్షరాలతో తన పేరు పూర్తిగా రాసింది.

అడిగినదంతా రాలేదు. వారంలో మూడు రోజులు ఎనిమిది దాకా ఉంచుతామన్నారు. మిగతా రోజుల కోసం మళ్లీ రాస్తున్నాం, చిత్తుప్రతి ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.

సెలవు పెట్టి ఒకసారి రా. ఇంట్లో ఇద్దరం పడుకోవడానికి ఎలాగో సర్దుకుందాం. సాయంత్రాలు మాత్రం పై అంతస్తులో కిటికీ పక్కన ఎదురెదురుగా ఉన్న రెండు కుర్చీలు మనవి. ఆ కథల సంపుటం తిరిగి ఇచ్చేశాను, నువ్వు వచ్చేసరికి అరలోనే ఉండవచ్చు. నీ పేరు మీద తీసుకుందాం. నలభై రెండో పేజీ సంగతి నువ్వే చూసి చెప్పు. వచ్చేది మంగళ, గురు, శనివారాల్లో ఏదో ఒక రోజు అయ్యేలా చూసుకో. బస్సు దిగి నేరుగా అక్కడికే రావచ్చు.

ప్రేమతో,
నీ నేస్తం