ఇంగ్లండ్ పాత భవనాల గురించి రాస్తే కరెంటు సంగతీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ జమీందారీ భవనాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి, కాదనను. కానీ రెండు పేజీల నిండా షాండ్లియర్లు, వెండి సామాను, ఏ రాణి ఏ మంచం మీద పడుకుందో ఆ ముచ్చట్లే. అన్నన్ని గదుల్లో దీపాలు ఎలా వెలిగేవి, నీళ్లు పై అంతస్తుకు ఎలా ఎక్కేవి, బొగ్గు ఎవరు మోసేవారు, అసలు అంత డబ్బు ఎక్కడిది, ఈ ప్రశ్నల్లో ఒక్కటీ లేదు. నేను కరెంటు బోర్డులో చేసి రిటైరైనవాణ్ని, అందులోనూ ఎక్కువ కాలం మోతుగూడెంలో, జల విద్యుత్తు వైపే, కాబట్టి నా చూపు అటే పోతుందని మీరు అనవచ్చు. అనుకోండి. కానీ అక్కడ ఒక భవనం ఉంది, కరెంటు మాట ఎత్తకుండా దాని గురించి చెప్పడం ఎవరి తరమూ కాదు. మీ వ్యాసం సరిగ్గా దాన్నే వదిలేసింది. పేరు క్రాగ్‌సైడ్.

మా అమ్మాయి న్యూకాజిల్‌లో ఉద్యోగం చేస్తోంది. తన దగ్గరికి వెళ్లినప్పుడు నన్నూ మా ఆవిణ్నీ అక్కడికి తీసుకెళ్లింది. నార్తంబర్లాండ్‌లో రాత్‌బరీ అనే చిన్న ఊరు, దాని పక్కన రాళ్ల గుట్ట మీద ఈ ఇల్లు. కట్టించినది విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. ఆయన చదివింది లా, కొన్నేళ్లు చేసింది వకీలు పని, మనసంతా మాత్రం నీటి మీద. నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు తయారుచేసి పేరు తెచ్చుకున్నాడు, 1847లో న్యూకాజిల్ ఎల్స్‌విక్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. సెలవులకు వచ్చి ఉండటానికి 1863లో ఇక్కడ చిన్న ఇల్లు మొదలుపెట్టి, 1869 తర్వాత నార్మన్ షా అనే ఆర్కిటెక్టును పెట్టుకుని దాన్ని పెంచుకుంటూ పోయాడు. ఎంత పెంచారంటే బయటి నుంచి చూస్తే ఏ గోపురం ఏ గదిదో అర్థం కాదు. నా మటుకు నాకు లోపల చీకటి ఎక్కువ, సామాను మరీ ఎక్కువ అనిపించింది. డ్రాయింగ్ రూములో పది టన్నుల పాలరాతి ఫైర్‌ప్లేసు ఒకటి ఉంది, అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు, నాకైతే అది డబ్బు దండగ.

ఇక అసలు విషయం. 1878లో ఆయన చెరువు నీటితో డైనమో తిప్పి గ్యాలరీలో ఒక ఆర్క్ దీపం వెలిగించాడు. వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చేదీ ఆ వెలుగే, కాబట్టి దాని కింద కూర్చుని భోజనం చేయడం ఎంత సుఖమో ఊహించుకోండి. 1880 చివర్లో జోసెఫ్ స్వాన్ బల్బులు పెట్టించాక ఇల్లు ఇల్లులా వెలిగింది. మన స్కూలు పుస్తకాల్లో బల్బు అంటే ఎడిసన్ ఒక్కడే. స్వాన్ ఆ ప్రాంతం మనిషి. 1879 ఫిబ్రవరిలోనే న్యూకాజిల్‌లో జనం ముందు తన బల్బు వెలిగించి చూపించాడు, గేట్స్‌హెడ్‌లో సొంత ఇంట్లోనూ పెట్టుకున్నాడు, ఆ తర్వాత ఎడిసన్, ఆయన కలిసి ఒకే కంపెనీ నడిపారు. కాబట్టి బల్బు వెలిగిన మొదటి ఇల్లు క్రాగ్‌సైడ్ అని రాయకండి, అది తప్పు. నీటితో పుట్టిన కరెంటుతో వెలిగిన మొదటి ఇల్లు అది. ఈ రెండూ కలిపేసి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు.

లెక్కలు వింటే ఆశ్చర్యపోతారు. టర్బైన్ 6 హార్స్ పవర్, నీటి హెడ్, అంటే నీరు పడే ఎత్తు, 29 అడుగులు, డైనమో నుంచి ఇంటికి దూరం 1,500 గజాలు. మన రైతు పొలంలో బోరు మోటారు 5 హెచ్‌పీ ఉంటుంది, దానికన్నా ఒక్క హెచ్‌పీ ఎక్కువ, అంతే! ఆ కాస్త కరెంటును మందపాటి రాగి తీగ మీద అంత దూరం లాక్కొచ్చాడు. ఇంట్లో మొత్తం 45 బల్బులు, ఒకేసారి వెలిగించేది 37కి మించదు. ఒక గదిలో ఆపేసి ఆ కరెంటు ఇంకో గదికి మళ్లించేవాడు. సబ్‌స్టేషన్‌లో పనిచేసిన ఎవరికైనా ఇది చదివితే నవ్వొస్తుంది, ఎంత పెద్ద దొర అయినా లోడ్ సర్దుకోక తప్పలేదు. 1886లో ఇంటి దగ్గర పారే వాగు దిగువన, బర్న్‌ఫుట్ దగ్గర కొత్త పవర్ హౌస్ కట్టాక గానీ ఆ ఇబ్బంది తగ్గలేదు.

లైబ్రరీలో నేను ఎక్కువసేపు నిలబడింది పుస్తకాల ముందు కాదు. అక్కడ రాగి మీద ఎనామిల్ పని చేసిన కూజాలు ఉన్నాయి, వాటి నెత్తిన బల్బులు. లోపలి ఏర్పాటు ఇదీ: కూజా కింద పీఠం, పీఠం మధ్యలో చిన్న గిన్నెలో పాదరసం, కరెంటు ఆ పాదరసంలోకి వస్తుంది. కూజా అడుగున రంధ్రం, అందులోంచి ఒక తీగ బల్బు దాకా పోతుంది, తీగ కింది కొసకి తొడుగు ఉండదు. కూజాను పీఠం మీద పెడితే ఆ కొస పాదరసంలో మునిగి దీపం వెలుగుతుంది, ఎత్తితే ఆరిపోతుంది. మరి కరెంటు తిరిగి వెళ్లే దారి? ఆ కూజా ఒళ్లే! రాగి కదా, అదే రిటర్న్ వైరు. దీపం వేయాలన్నా ఆర్పాలన్నా చేత్తో పట్టుకోవాల్సింది దాన్నే. నాకు చదువుతుంటేనే టెన్షన్ పుట్టింది, ఈ రోజుల్లో ఏ ఇన్‌స్పెక్టరూ దీనికి సంతకం పెట్టడు. కానీ స్విచ్ బోర్డు అనే మాటే ఇంకా ఇళ్లలోకి రాని రోజుల్లో ఇలా ఆలోచించిన బుర్రకి దండం పెట్టాలి. ఈ వివరాలన్నీ బయటి ప్రపంచానికి ఎలా తెలిశాయో తెలుసా? 1881 జనవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా 'ది ఇంజనీర్' పత్రిక ఎడిటర్‌కి ఉత్తరం రాశాడు. నిజానికి మా ఇంటికి దీపం పెట్టేది వాగే, ఇందులో ఖర్చయ్యే సరుకే లేదు అని అందులో చెప్పుకున్నాడు. ఎడిటర్‌కి ఉత్తరాలు అంటే రోడ్డు గుంతల మీదే రాయాలని ఏమీ లేదన్నమాట.

మా ఆవిడకి నచ్చింది వంటగది. మాంసం కాల్చే ఊచ నీటితో తిరుగుతుంది, పక్కన నిలబడి తిప్పే మనిషి అక్కర్లేదు. లిఫ్టు కూడా నీటి ఒత్తిడితో నడిచేదే, ముఖ్యంగా పనివాళ్లు గదుల్లోకి బొగ్గు చేరవేయడానికి. టంబుల్టన్ చెరువు దగ్గర పంపు నీటిని కొండ మీదికి ఎక్కిస్తే అక్కడి నుంచి ఇంట్లోకి దిగేది. లైబ్రరీ కింద టర్కీ స్నానాల గదులు, గదులకు వేడి గాలి, లోపల మాట్లాడుకోవడానికి టెలిఫోన్లు. ఇవన్నీ సౌకర్యాలే, ఒప్పుకుంటా. అయితే బొగ్గు బకెట్లు మోసి మోసి నడుములు విరిగిన మనుషులకి ఆ లిఫ్టు ఎంత మేలు చేసిందో నేను ఆలోచించాను, దొరకి వచ్చిన పేరు గురించి కాదు.

డబ్బు సంగతి దాస్తే అన్యాయం అవుతుంది. ఆ ఇంటి వెనక ఉన్నది క్రేన్లు ఒక్కటే కాదు, ఫిరంగులు. క్రిమియా యుద్ధం రోజుల్లో ఆయన రూపొందించిన ఫిరంగి పేటెంట్లు ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చేసి 1859లో సర్ బిరుదు తీసుకున్నాడు, తర్వాత ఎల్స్‌విక్ ఫ్యాక్టరీ ఫిరంగులు అడిగిన దేశానికల్లా అమ్మింది, అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలూ కొన్నాయి. క్రాగ్‌సైడ్‌కి అతిథులుగా వచ్చిన పర్షియా రాజు (షా), సయాం రాజు, చైనా పెద్దమనిషి లీ హాంగ్‌జాంగ్ ఊరికే విడిదికి వచ్చారని నేను అనుకోను. అటు ఇల్లు పెరుగుతుండగానే 1871లో న్యూకాజిల్ ఇంజనీరింగ్ కార్మికులు రోజుకి తొమ్మిది గంటల పని కోసం సమ్మె చేశారు, యజమానుల వైపు ముందు నిలబడ్డది ఈయనే. ఐదు నెలలు బిగబట్టి చివరికి గెలిచింది కార్మికులు. అదే మనిషి 1863లో, బొగ్గుకి పెట్టింది పేరైన న్యూకాజిల్‌లోనే, బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్రవేత్తల సంఘం అధ్యక్షుడి హోదాలో, ఇలా తవ్వుకుంటూ పోతే సుమారు రెండు వందల ఏళ్లలో ఇంగ్లండ్ బొగ్గు అయిపోతుందని హెచ్చరించాడు కూడా. మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగొద్దు. రెండూ రాయండి అంటున్నాను, షాండ్లియర్ ఒక్కటే రాయొద్దు.

1977 నుంచి ఇల్లు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చేతిలో ఉంది. వాళ్లు చేసిన తెలివైన పని ఏమిటంటే, పాతది అద్దాల వెనక పెట్టి ఊరుకోలేదు. 2014లో టంబుల్టన్ చెరువు దగ్గర 17 మీటర్ల పొడుగు ఆర్కిమెడిస్ స్క్రూ, అంటే పెద్ద మరలాంటి యంత్రం, పెట్టారు. చెరువు నీరు పైనుంచి దాంట్లోకి పడుతూ, స్క్రూ మడతల మధ్య కాస్త కాస్తగా కిందికి దిగుతూ, దాన్ని నిదానంగా తిప్పుతుంది. 12 కిలోవాట్లు. మా మోతుగూడెం 460 మెగావాట్ల ముందు అది లెక్కలోకి రాదు, కానీ దాన్ని గట్టు మీద నిలబడి చూస్తూ చిన్న పిల్లవాడు కూడా కరెంటు ఎలా పుడుతుందో పట్టేస్తాడు. మా దగ్గర గేటు దాటి లోపలికి రావాలంటేనే సవాలక్ష అనుమతులు, భద్రత కోసమే అనుకోండి.

ఏటా మన పిల్లల స్నాతకోత్సవాలకి న్యూకాజిల్ వెళ్లే తల్లిదండ్రులు చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమైనా క్రాగ్‌సైడ్ మీద విడిగా ఒక వ్యాసం వేయండి. న్యూకాజిల్ నుంచి రాత్‌బరీకి బస్సు ఉంటుంది, అక్కడి నుంచి మైలు పైచిలుకు, ఎక్కుడు దారి. చలికాలంలో వెళ్లేవాళ్లు ఇల్లు తెరిచి ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి. మెట్లు, రాళ్లు ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇల్లు, చెరువు గట్టు చూసి ఆపేయడం మేలు. నడవగలిగినవాళ్లు మాత్రం ఇనుప వంతెన దాటి బర్న్‌ఫుట్ పవర్ హౌస్ దాకా వెళ్లండి, చాలామంది టీ కొట్టు దగ్గరే ఆగిపోతున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ విద్యుత్ ఇంజనీరు,
ఖమ్మం