దీపావళి బళ్ళు ఎందుకు ఆగాయంటే

అందరికీ నమస్కారం. దీపావళికి బాగుచేసి ఇస్తానన్న పిల్లల బళ్ళు, అంటే పిల్లలు నడిపే పాత చిన్న మోటార్ సైకిళ్ళు, ఇంకా నా షెడ్డులోనే ఉన్నాయి. పార్టులు రాలేదేమోనని కొందరు అనుకుంటున్నారు. పార్టులన్నీ ఎప్పుడో వచ్చాయి. ఆగింది వేరే కారణానికి. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో లాన్ మోవర్లు బాగుచేసుకునే నన్ను నమ్మి పాత బళ్ళు తెచ్చిచ్చింది మీరే కాబట్టి, అసలు సంగతి మీకు నా నోటితోనే తెలియాలి.

గొడవంతా ఒక ఎర్ర బండితో మొదలైంది. ఫ్రిస్కో నుంచి వచ్చిన మనవాళ్ళు ఒకరు గ్యారేజ్ సేల్‌లో కొన్నారు. అమ్మినవాళ్ళు ఏదో చైనా బొమ్మ బండి అని చెప్పి ఇచ్చేశారట. ట్యాంకు మీద స్టిక్కరు లేదు, సీటు వేరే బండిది. ఎనిమిది అంగుళాల చక్రాలు, మడతపడే హ్యాండిల్, ముందుకు పడుకున్న సిలిండర్ కనిపిస్తున్నాయి గానీ, ఇవన్నీ కాపీ బళ్ళలోనూ ఉంటాయి, వాటితో ఏమీ తేలదు. ఫ్రేము మీద గ్రీజు తుడిచాక ‘జెడ్50ఏ’ అని హోండా చిన్న బండి మోడల్ పేరూ, దాని పక్కన అంకెలూ బయటపడ్డాయి. ఇంజన్ మీద ‘జెడ్50ఏఈ’ ఉంది. వెనక షాక్ అబ్జార్బర్లు లేవు. హోండా వాటిని 1972 మోడల్ నుంచి పెట్టింది కాబట్టి ఇది అంతకు ముందుది. హెడ్డు విప్పి పిస్టన్ కొలిస్తే 39 మిల్లీమీటర్లు. అంటే అసలైన 49 సీసీయే, మధ్యలో ఎవరూ మార్చలేదు. ఫ్రేము అంకెలూ ఇంజన్ అంకెలూ కలవలేదని ఓనరు కాస్త కంగారుపడ్డారు. హోండాలో ఆ రెండూ ఒకటే ఉండాలని లేదు, అది దొంగబండి గుర్తేమీ కాదు.

1961లో టోక్యో దగ్గర హోండా వాళ్ళ తమా టెక్ పార్కులో సరదాకి తిప్పుకునే చిన్న బండిగా పుట్టిన వంశం ఇది. అమెరికాలో మినీ ట్రైల్ పేరుతో అమ్మారు. నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో హీరో హోండా సీడీ100లు విప్పుతూ పని నేర్చుకున్నవాణ్ణి. ఆ పడుకున్న సిలిండర్, హెడ్డులో క్యామ్, దాన్ని తిప్పే చిన్న చైను ఇక్కడ టెక్సాస్‌లో కనబడితే నాకెంత సంతోషమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఈ బండి మీద కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాను, ఒప్పుకుంటాను.

రంగు నేనే వేస్తానని మీకు తెలుసు. తుప్పు వదలగొట్టే శాండ్ బ్లాస్టింగ్ ఒక్కటే బయట చేయించేవాణ్ణి. ఈ ఫ్రేము పంపేటప్పుడు నంబరు మీద మందంగా టేపు వేశాను, ‘ఇక్కడ ముట్టుకోవద్దు, రంగు వేయొద్దు’ అని చీటీ కట్టాను, కౌంటర్లో మనిషికి వేలు పెట్టి చూపించాను. తిరిగి వచ్చిన ఫ్రేము నిగనిగలాడుతోంది. టేపు లేదు, చీటీ లేదు. నంబరున్న చోట గరుకుగా ఉందని గ్రైండర్ పెట్టి నున్నగా లాగేశారు. పైగా నాకు ఉపకారం చేస్తున్నామనుకుని ఎర్ర పౌడర్ కోటింగ్ కొట్టి ఇచ్చారు, ఫ్రీగా!

ఆ ఎరుపు ఈ ఎరుపు కాదు. హోండా క్యాండీ ఎరుపంటే కింద వెండి కోటు, దాని మీద లోపలిది కనబడేంత పల్చటి ఎరుపు, ఆపైన క్లియర్. వెలుతురు కిందిదాకా వెళ్ళి తిరిగొస్తుంది కాబట్టే ఆ మెరుపు. వాళ్ళు కొట్టిన పౌడర్ కోటింగేమో ఒకే ముద్ద రంగు. అయినా రంగు గురించి నేను గొడవ పెట్టుకోలేదు. రంగు గీకి మళ్ళీ వేసుకోవచ్చు. నంబరు సంగతి అడిగితే అక్కడి మేనేజరు నవ్వి, "పిల్లల బండికి నంబరెందుకండీ" అన్నాడు. తమ చార్జీ వెనక్కిచ్చి లెక్క సరిపోయిందన్నాడు. చాలాకాలంగా నా పనంతా అక్కడికే పంపాను. ఇంకో ఫ్రేము గానీ, ఒక్క గొట్టం ముక్క గానీ ఇక అటు వెళ్ళదు.

ఇక్కడి నుంచే నాకు నిద్ర పట్టలేదు. ఓనరు పెద్ద మనసుతో "పోనీలే అన్నా, పంచ్‌లు పెట్టి మళ్ళీ కొట్టేయ్, ఎవరు చూస్తారు" అన్నారు. ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌ల సెట్టు నా బల్ల మీదే ఉంది. బండి తెచ్చిన రోజు తీసిన ఫోటోలో నంబరు స్పష్టంగా ఉంది. చూసి కొట్టడం గంట పని కూడా కాదు. కానీ నా చేత్తో కొట్టిన మరుక్షణం అది దొంగ నంబరు. చట్టం ఒప్పుకోదు సరే, రేపు ఎవరైనా కొనడానికి వచ్చి భూతద్దం పెడితే, ఆ అక్షరాలు ఫ్యాక్టరీవి కావని చూడగానే తెలుస్తుంది. అప్పుడు మిగతా బండిలో నేను అసలైనదని చెప్పిన ప్రతిదీ అనుమానమే. ఆన్‌లైన్లో నంబరున్న పాత ఫ్రేము కొని మారుద్దామా అనుకున్నాను. అప్పుడది ఇంకో బండి అవుతుంది. రెండింటి మధ్యా ఊగాను, ఇంట్లో అందరి బుర్రలూ తిన్నాను.

చివరికి చేసింది ఇది. పంచ్ దెబ్బకి అంకె కింద ఇనుము నలిగి గట్టిపడుతుంది. పైన అరగదీసినా ఆ నలుగుడు లోపల మిగులుతుంది. యాసిడ్ పూస్తే చుట్టూ ఉన్న ఇనుముకీ దానికీ కరగడంలో తేడా వచ్చి అంకెలు నీడలా లేస్తాయి. పోలీసు ల్యాబుల్లో వాడే పద్ధతే. ఓనరు ఒప్పుకున్నాక, ఆయన ముందే చేశాను. చివరి అంకెలు సరిగ్గా లేవలేదు, మిగతావి కనబడ్డాయి. వాటికీ ఫోటో తీసి, ఆ చోట రంగు వేయకుండా ఉత్త క్లియర్ లక్కర్ పూసి వదిలేశాను. పాత ఫోటో, కొత్త ఫోటో, జరిగింది రాసి నేను సంతకం చేసిన కాగితం బండితో పాటు వెళ్తాయి. ఆ ఫ్రేము కూలి బిల్లులోంచి తీసేశాను. దానిమీద బేరం వద్దు, ఇస్తానన్నా తీసుకోను.

ఇకమీదట బ్లాస్టింగ్ నా షెడ్డులోనే. బ్లాస్టింగ్ చేసే క్యాబినెట్ వచ్చింది, పెద్ద కంప్రెసర్ రావాలి. దానివల్ల మిగతా బళ్ళు క్రిస్మస్ సెలవులకి జరిగాయి. ముందే మాట్లాడుకున్న వాళ్ళకి రేటు మారదు. జనవరి నుంచి వచ్చేవాళ్ళకి ఫ్రేము పని కొంచెం పెరుగుతుంది. ఆగలేమన్నవాళ్ళకి డిపాజిట్ మొత్తం తిరిగిస్తాను, కారణం అడగను.

ఇంత ఆలస్యమెందుకు, చైనా 110 సీసీ ఇంజన్ పెట్టేయొచ్చుగా అని అడిగినవాళ్ళకి కూడా ఇక్కడే చెప్తున్నాను. అవే బోల్టులకి సరిపోతుంది, నిజమే. బ్రేకులు మాత్రం ఆ బుల్లి డ్రమ్ములే ఉంటాయి. యమహా వాళ్ళ పిల్లల బండి పీడబ్ల్యూ50లో అయితే పిల్లలు ఎక్కువ రేజ్ చేయకుండా ఆపే స్క్రూ ఉంది, ఇందులో అదీ లేదు. ఏడేళ్ళ పిల్లాడు ఎక్కే బండికి నేను ఆ పని చేయను. చేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్తే నాకేమీ కోపం లేదు.

వరసలో ఉన్నవాళ్ళందరికీ ఈ వారంలో నేనే ఫోన్ చేసి కొత్త తేదీ చెప్తాను. పగలు కంప్రెసర్ మోతలో ఫోన్ వినబడదు, సాయంత్రం ఆరు తర్వాత చేస్తాను.