విలియమ్స్ పోతే పోయాడులే శ్రీనూ!

జెర్సీ సిటీ,
జనవరి 2026

ఒరేయ్ శ్రీనూ,

మన బేస్‌బాల్ టీమ్ యాంకీస్ గురించి నీ వాయిస్ మెసేజ్ విన్నాను. సగం తిట్లే ఉన్నాయి కాబట్టి తిన్నాను అనాలేమో. "డెవిన్ విలియమ్స్‌నీ, ల్యూక్ వీవర్‌నీ ఇద్దర్నీ తీసుకెళ్లి న్యూయార్క్‌లోని ఆ రెండో టీమ్ మెట్స్ వాళ్ల చేతిలో పెట్టారు, ఇంక మన బుల్‌పెన్‌లో ఎవడున్నాడురా" అని నామీద అరిస్తే ఎలా? యాంకీస్ జనరల్ మేనేజర్ బ్రయన్ క్యాష్‌మన్ నేనేనా? నీ బాధ అర్థమవుతుందిలే. వైజాగ్‌లో తెల్లారగట్ట నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేచేవాడివి. ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి మీ ఇంట్లో కాఫీ టైమ్, సరిగ్గా అప్పుడే మనవాళ్లు మ్యాచ్ పోగొడతారు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం పడతావని, తీరిగ్గా రాస్తున్నాను.

అసలు నీకూ నాకూ రిలీవర్ల విషయంలో (మ్యాచ్ మొదలుపెట్టిన స్టార్టర్ తర్వాత వచ్చి బంతి విసిరేవాళ్లు, బుల్‌పెన్ అంటే వాళ్ల గుంపే) బుర్ర పాడు చేసినవాడు మరియానో రివెరా. పనామాలో చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి, దాదాపు ఒకే ఒక్క బంతితో, ఆఖర్లో పక్కకి తిరిగే ఆ కట్టర్‌తో, 652 సేవ్‌లు (ఆధిక్యాన్ని నిలబెట్టి మ్యాచ్ ముగిస్తే సేవ్) చేశాడు. ప్లే ఆఫ్స్‌లో ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున బౌలర్ ఖాతాలో పడే పరుగులు, తక్కువైతే మేలు) 0.70. వచ్చే బంతి ఏదో తెలిసి కూడా ఎడమచేతి బ్యాటర్లు బ్యాట్లు విరగ్గొట్టుకునేవాళ్లు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో ఒక్క ఓటు కూడా తప్పకుండా అందరూ వేసింది చరిత్రలో మొదట అతనికే. పదిహేడేళ్ల పాటు తొమ్మిదో ఇన్నింగ్స్ గురించి ఆలోచించక్కర్లేకుండా బతికేశారు యాంకీస్ అభిమానులు. అందుకని క్లోజర్, అంటే ఆఖర్లో వచ్చి మ్యాచ్ ముగించే రిలీవర్, ఏటేటా అలాగే ఉంటాడనుకుంటాం. ఉండడు. రివెరా కూడా 1995లో మొదటిసారి వచ్చినప్పుడు స్టార్టర్, ఈఆర్ఏ 5.51! ఆ నంబరొక్కటే చూసి లెక్కగట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

ఇప్పుడు అసలు సంగతి. 2023లో నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సేవ్‌లు ఎవరివో గుర్తుందా? ఇద్దరు సమానంగా ఉన్నారు, చెరి 39. పిట్స్‌బర్గ్‌లో డేవిడ్ బెడ్నార్, శాన్‌ఫ్రాన్సిస్కోలో కమీలో డొవాల్. ఆ ఏడాది వీళ్లకోసం ఎంతైనా ఇచ్చేవాళ్లు. మరుసటేడు బెడ్నార్ ఈఆర్ఏ 5.77, డొవాల్‌ది 4.88. డొవాల్‌ని సీజన్ మధ్యలో మైనర్ లీగ్‌కి పంపించేశారు. బెడ్నార్‌కి ఆ ముచ్చట 2025 ఏప్రిల్‌లో తీరింది. సొంత ఊరి టీమే, పుట్టి పెరిగింది అక్కడే, అయినా ట్రిపుల్-ఏ మైనర్ లీగ్‌కి తోలారు. మళ్లీ వచ్చి దుమ్ము దులిపాడు. జులై 31న, ట్రేడ్‌లకి ఆఖరిరోజున, ఆ ఇద్దర్నీ ఒకే రోజు మనవాళ్లే తెచ్చుకున్నారు. కొలరాడో నుంచి జేక్ బర్డ్‌ని కూడా పట్టుకొచ్చారు.

మర్నాడు మయామీలో జరిగింది నువ్వు మర్చిపోయి ఉండవు. ఏడో ఇన్నింగ్స్‌లో 9-4 ఆధిక్యంలో ఉన్నాం. బర్డ్ వచ్చాడు, కైల్ స్టవర్స్ గ్రాండ్ స్లామ్ (బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్ రన్, నాలుగు పరుగులు) కొట్టాడు. బెడ్నార్ వచ్చాడు, మిగిలింది కూడా పోయింది. మనవాళ్లు ఎలాగో మళ్లీ 12-10కి తెచ్చారు. తొమ్మిదిలో డొవాల్ వచ్చాడు. రైట్ ఫీల్డ్‌లో మన కబయేరో గ్లవ్ కింద నుంచి బంతి జారిపోయింది. 13-12తో ఓడిపోయాం. కొత్తగా వచ్చిన ముగ్గురూ ఒకే రాత్రి తగలబెట్టారు. ఆ రోజు నువ్వు పెట్టిన మెసేజ్‌లు ఇంట్లో ఎవరైనా చూస్తే బాగుండదని డిలీట్ చేశాను. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? బర్డ్‌ని కొద్దిరోజుల్లో మైనర్స్‌కి పంపారు, నిజమే. బెడ్నార్ మాత్రం క్లోజరై కూర్చుని, సీజన్ చివరిదాకా కదల్లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రిలీవర్‌కి గతం అంటూ పెద్దగా ఉండదురా. స్టార్టర్ అయితే ఏడాదికి నూట ఎనభై ఇన్నింగ్స్ దాకా వేస్తాడు, వాడి మంచీచెడూ బయటపడుతుంది. రిలీవర్ వేసేది అరవై. ఒక్క రాత్రి అయిదు పరుగులిచ్చాడంటే ఏడాది మొత్తం ఈఆర్ఏ ముప్పావు పరుగు పెరిగిపోతుంది. మిగతా యాభై తొమ్మిది ఇన్నింగ్స్ బ్రహ్మాండంగా వేసినా సరే. ఐపీఎల్‌లో ఒక బౌలర్‌కి ప్రతి మ్యాచ్‌లో ఇరవయ్యో ఓవర్ ఒక్కటే ఇచ్చి, సీజన్ చివర్లో ఎకానమీ రేటు చూసి వేలంపాట పాడితే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

సేవ్‌ల లెక్క ఇంకా మోసం. షికాగోలో జెరోమ్ హోల్ట్జ్‌మన్ అనే స్పోర్ట్స్ విలేకరి కనిపెట్టిన లెక్క అది, 1969లో అధికారికం అయింది. మూడు పరుగుల ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వచ్చి రెండు పరుగులిచ్చినా సేవే. ఏడో ఇన్నింగ్స్‌లో బేస్‌లన్నీ నిండి ఉండగా వచ్చి మ్యాచ్‌ని బతికించినవాడికి సేవ్ రాదు. దాని మీద కాంట్రాక్టులు రాసుకున్నారు ఇన్నేళ్లు!

మన పాత క్లోజర్ క్లే హోమ్స్‌నే తీసుకో. 2024లో 30 సేవ్‌లు, 13 బ్లోన్ సేవ్‌లు (నిలబెట్టలేక పోగొట్టిన ఆధిక్యాలు). మొత్తం లీగ్‌లో అన్ని పోగొట్టినవాడు లేడు. ఈఆర్ఏ చూస్తే 3.14, అంత చెడ్డదేం కాదు. ఆ సెప్టెంబరులో నేను టెక్సస్‌లో బావగారింట్లో ఉన్నాను. ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్‌తో మన మ్యాచ్‌కి వెళ్లాం. పైకప్పు మూసి ఏసీ వేసిన స్టేడియం, మా వెనక వరసలో నలుగురు కుర్రాళ్లు తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు, డాలస్ కదా. తొమ్మిదో ఇన్నింగ్స్, 4-3 మనదే ఆధిక్యం, హోమ్స్ మౌండ్ మీద. బేస్‌లు నిండాయి. హోమ్స్ మాటిమాటికీ టోపీ తీసి చెమట తుడుచుకుంటున్నాడు, ఏసీలో! వెనక నుంచి ఒకడు "వీడు ఇచ్చేస్తాడ్రా" అన్నాడు. రేంజర్స్ కుర్రాడు వాయట్ లాంగ్‌ఫర్డ్ బ్యాట్ ఊపాడు. గ్రాండ్ స్లామ్, 7-4. బావగారు రేంజర్స్ మనిషి, నా భుజం మీద చెయ్యేసి ఓదార్చడం మొదలెట్టాడు. అంతకన్నా అవమానం లేదు. ఆ తర్వాత హోమ్స్ చేతిలోంచి క్లోజర్ పని పోయింది, వీవర్‌కి వచ్చింది.

వీవర్ కథ నీకు తెలిసిందే. స్టార్టర్‌గా ఎక్కడా నిలదొక్కుకోలేక, 2023 సెప్టెంబరులో సియాటిల్ వదిలేస్తే మనవాళ్లు వేవర్స్‌లో ఊరికే తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి వరల్డ్ సిరీస్‌లో క్లోజర్. మరుసటేడు ప్లే ఆఫ్స్‌లో, బోస్టన్‌తో మొదటి మ్యాచ్‌లో మన స్టార్టర్ మాక్స్ ఫ్రీడ్ సున్నా పరుగులతో అప్పజెప్పిన ఏడో ఇన్నింగ్స్‌ని అతనే బోస్టన్ బ్యాటర్ యోషిదా చేతిలో పెట్టాడు. ఒకటే మనిషి, ఒకటే చెయ్యి.

మరి ఏం చూడాలి అంటావు. నేను చూసేది ఇంతే: ఎదురొచ్చిన బ్యాటర్లలో నూటికి ఎంతమందిని స్ట్రైకవుట్ చేశాడు (మూడు స్ట్రైక్‌లతో అవుట్), ఎంతమందిని వాక్ ఇచ్చి పంపాడు (నాలుగు చెడ్డ బంతులేసి ఊరికే మొదటి బేస్ ఇవ్వడం). ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత నయం. బ్యాట్‌కి తగిలిన బంతి ఎటు పోతుందో సగం అదృష్టం, ఫీల్డర్ చేతిలోకీ పోవచ్చు, గ్లవ్ కింద నుంచీ పోవచ్చు. బ్యాట్‌కి తగలని బంతిలో అదృష్టం పాత్ర తక్కువ. ఆ తర్వాత వేగం. గత ఏడాది కన్నా గంటకి మైలున్నర తగ్గిందంటే, ఈఆర్ఏ ఎంత అందంగా ఉన్నా నాకు భయమే.

ఇక్కడ నన్ను పట్టుకుంటావని తెలుసు. "ఆ లెక్కన విలియమ్స్ మంచోడే కదరా" అంటావు. మంచోడే! 2025లో ఈఆర్ఏ 4.79 కానీ, స్ట్రైకవుట్‌లు ఇన్నింగ్స్‌కి ఒకటికి బాగా పైనే ఉన్నాయి. నెమ్మదిగా వచ్చి మోసం చేసే ఆ చేంజప్ ఇప్పటికీ గాల్లో తిరిగిపోతూనే ఉంది. మెట్స్‌లో చక్కగా వేసినా నేనేం ఆశ్చర్యపోను. (2024 ప్లే ఆఫ్స్‌లో మిల్‌వాకీ తరఫున ఆడుతూ ఇదే మెట్స్‌కి, పీట్ అలాన్సో చేతిలో మూడు పరుగుల హోమ్ రన్ ఇచ్చి సీజన్ ముగించాడు. ఇప్పుడు వాళ్లే జీతం ఇస్తున్నారు.) నా అభ్యంతరం మనిషి మీద కాదు, బేరం మీద. మూడేళ్లకి 51 మిలియన్ డాలర్లు. వీవర్‌కి రెండేళ్లకి 22. మెట్స్ వాళ్ల సొంత క్లోజర్ ఎడ్విన్ డియాజ్ మూడేళ్లకి 69 మిలియన్లకి డాడ్జర్స్‌కి వెళ్లిపోయాడు కాబట్టి వాళ్లకి తప్పలేదు. రెండేళ్ల తర్వాత ఎలా వేస్తాడో దేవుడికే తెలియని పనికి అంత డబ్బు ఇప్పుడే రాసివ్వడం నాకు నచ్చదు. 2016 చివర్లో అరోల్డిస్ చాప్‌మన్‌కి అయిదేళ్లకి 86 మిలియన్లు రాసిచ్చాం. 2019లో హ్యూస్టన్ బ్యాటర్ అల్టూవే కొట్టిన హోమ్ రన్, మరుసటేడు ట్యాంపా బే బ్యాటర్ బ్రొసో కొట్టినది, మనల్ని ప్లే ఆఫ్స్ నుంచి ఇంటికి పంపిన ఆ రెండూ ఆ చేతిలోంచే. 2022 చివర్లో ప్రాక్టీసుకి రాకుండా మొహం చాటేశాడు. పీడా పోయిందనుకున్నాం. ముప్పై ఏడేళ్ల వయసులో బోస్టన్‌కి వెళ్లి 2025లో ఈఆర్ఏ 1.17! మొన్నటి ప్లే ఆఫ్స్‌లో మనమీదే, బేస్‌లన్నీ నిండి ఒక్క అవుట్ కూడా లేని దశ నుంచి మ్యాచ్ ముగించాడు. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాపం విలియమ్స్ వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. పాత ఓనర్ జార్జ్ స్టైన్‌బ్రెనర్ కాలం నుంచీ టీమ్‌లో ఉన్న గడ్డం నిషేధం ఎత్తేశారు. అతను వచ్చిన ఫిబ్రవరిలోనే. గడ్డం మిగిలింది, గడ్డంవాడు పోయాడు.

సరే, ఇప్పుడున్నవాళ్ల గురించి. బెడ్నార్ తొమ్మిదో ఇన్నింగ్స్‌కి, అందులో నాకు రెండో మాట లేదు. 2026 తర్వాత అతని కాంట్రాక్టు అయిపోతుంది, కాబట్టి ఎక్కువ ప్రేమ పెంచుకోకు. డొవాల్ దగ్గర మంచి బంతి ఉంది, కానీ వాక్‌లు ఎక్కువ. నా లెక్కలో ఆ ఒక్కటీ తగ్గితే అతను అందరికన్నా ప్రమాదకరమైన బౌలర్, తగ్గకపోతే నీ కాఫీ చేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక పరుగు ఆధిక్యం ఉన్నప్పుడు మాత్రం వద్దు, రెండున్నా ఫర్వాలేదు.

నా నమ్మకం ఫెర్నాండో క్రూజ్ మీద. 2007లో ఇన్‌ఫీల్డర్‌గా డ్రాఫ్ట్ అయి, తర్వాత పిచర్‌గా మారి, ఎక్కడెక్కడో తిరిగి ముప్పై రెండేళ్లకి మొదటిసారి మేజర్ లీగ్స్‌లో అడుగుపెట్టాడు. మొన్న బోస్టన్‌తో రెండో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, స్కోరు సమానం, బేస్‌లన్నీ నిండాయి. అంతకుముందు మన ఇన్‌ఫీల్డర్ జాజ్ చిజమ్ దూకి బంతి ఆపాడు కాబట్టి పరుగు రాలేదు. బోస్టన్ బ్యాటర్ ట్రెవర్ స్టోరీ లోతుగా కొట్టాడు, సెంటర్ ఫీల్డ్‌లో దొరికింది. అప్పుడు క్రూజ్ అరిచిన అరుపు, ఆ చేతులు ఊపడం, టీవీ ముందు నేనూ అలాగే చేశాను, కింది ఫ్లాట్‌వాళ్లు ఏమనుకున్నారో. 4-3తో గెలిచాం. ఆ ఇన్నింగ్స్‌కి సేవ్ ఏం రాలేదు, చూశావా? ఆఖర్లో కిందికి జారే అతని స్ప్లిటర్‌కి బ్యాటర్లు గాల్లో ఊపి వెళ్తారు. గాయాలు కాకపోతే చాలు.

టిమ్ హిల్ మాత్రం నా లెక్కకి లొంగడు. స్ట్రైకవుట్‌లు తక్కువ. పక్కవాటుగా చెయ్యి వేసి సింకర్లు విసురుతాడు, బంతి నేలమీదే దొర్లుతుంది. 2015లో పెద్దపేగు క్యాన్సర్‌తో పోరాడి బయటపడ్డ మనిషి. 2024లో వైట్ సాక్స్ లాంటి అట్టడుగు టీమే వదిలేస్తే మనదగ్గరికొచ్చి కుదురుకున్నాడు. మన ఇన్‌ఫీల్డ్ బాగుంటే అతనూ బాగుంటాడు, లేకపోతే లేదు. బర్డ్ విషయంలో మాత్రం నాకేం తోచడం లేదు, కాబట్టి ఊరుకుంటాను.

పేర్లు చూసి దిగులు పడకు. ఈ సెప్టెంబరుకి మన బుల్‌పెన్‌లో కీలకమైనవాడు ఇవాళ ఎవరో టీమ్ వాళ్లు వదిలేద్దామా అనుకుంటున్నవాడై ఉంటాడు. వీవర్ అలాగే వచ్చాడు, హిల్ కూడా. పిచింగ్ కోచ్ మ్యాట్ బ్లేక్ బృందానికి అలాంటివాళ్లని బాగుచెయ్యడం వచ్చు. ఆ పని మానేసి చెక్కులు రాయడం మొదలెడితే అప్పుడు భయపడదాం.

ఫిబ్రవరిలో ట్యాంపాలో స్ప్రింగ్ ట్రైనింగ్ మొదలవుతుంది. డొవాల్ వాక్‌లు నువ్వు లెక్కపెట్టు, బెడ్నార్ వేగం నేను చూస్తాను. ఏప్రిల్ నెలాఖరు దాకా ఎవడి ఈఆర్ఏ నాకు పంపొద్దు, పంపినా తెరవను. నా పాత బ్లూ కలర్ జాకెట్ ఇంకా నీ దగ్గరే ఉంది, ఈసారి ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపరా, ఇక్కడ చలి చంపేస్తోంది. అమ్మగారికి నమస్కారాలు, చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
మూర్తి