కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి బహిరంగ లేఖ

అమ్మా, నమస్కారం. మీరు తెలుగింటి కోడలు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

పేద వృద్ధుల పెన్షన్‌కి కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. 2007లోనూ అంతే, ఇప్పుడూ అంతే. 80 దాటితే 500. ఉద్యోగులకు ధరలను బట్టి ఏడాదికి రెండుసార్లు డీఏ సవరిస్తారే, ఈ ముసలివాళ్లు కొనే బియ్యం వేరే బజారులో దొరుకుతుందా?

ఆంధ్రప్రదేశ్ 2024 నుంచి 4,000 ఇస్తోంది. మా వీధిలో ఒకటో తారీఖున ఆ డబ్బు అందుకున్న పెద్దావిడ ముందు బీపీ మాత్రలు తెప్పించుకుంటుంది, మిగిలింది మనవడి ట్యూషన్ ఫీజుకి. కాబట్టి ముసలివాళ్లకి పెడితే పిల్లల నోటి దగ్గర కూడు లాగేసినట్టే అనే వాదన నాకు మింగుడుపడదు. కానీ రాష్ట్రం అప్పు చేసి ఇస్తే, తీర్చాల్సింది ఆ మనవడే. ఆ టెన్షన్ నాకూ ఉంది.

పోనీ పిల్లలకైనా ధారాళంగా ఇస్తున్నారా అంటే, అంగన్‌వాడీ బిడ్డ పోషకాహారానికి 2017లో మీ ప్రభుత్వం కట్టిన లెక్క రోజుకు 8 రూపాయలు. అందులోనూ రాష్ట్రానికి వాటా ఉంది.

వచ్చే బడ్జెట్‌లో వృద్ధుల పెన్షన్, పిల్లల పోషకాహారం, ఈ రెండు మొత్తాలనూ ధరల సూచీకి ముడిపెట్టండి. వీలుకాదంటే, ఎందుకు కాదో పార్లమెంటులో చెప్పండి.