హైబ్రిడ్ కార్ల యజమానుల సంఘం, నల్గొండ–మహబూబ్‌నగర్: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వీలు చేసుకుని వచ్చిన సభ్యులందరికీ నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనిని నియమావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. పోయిన సర్వసభ్య సమావేశం మాకు ప్రధానంగా ఒక్క పనే అప్పగించింది. పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీతో తిరిగే కరెంటు మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారును రోజూ నడిపే యజమానులు గమనించిన ఇబ్బందులను, వారు కోరుతున్న మార్పులను సేకరించి, తయారీ సంస్థల డిజైన్ విభాగాలకు అందేలా ఒక సూచనల పత్రం తయారుచేయాలన్నదే ఆ తీర్మానం. ఆ పత్రం తయారైంది, వెళ్లవలసిన చోటికి వెళ్లింది. ఏడాది పనిలో ముప్పాతిక భాగం అదే కాబట్టి ఈ నివేదికలోనూ ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

సూచనలు సేకరించడం అనుకున్నంత సులువు కాలేదు. మొదట వచ్చిన కాగితాల్లో చాలావరకు "మైలేజీ చెప్పినంత రావడం లేదు" అన్న ఒక్క వాక్యమే ఉంది. అది ఫిర్యాదు అవుతుంది కానీ సూచన కాదు. జడ్చర్ల నుంచి వచ్చే మన సభ్యురాలు, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, ఆ కాగితాలన్నిటినీ వెనక్కి పంపించి కొత్త పద్ధతి పెట్టారు. ఏం జరిగింది, ఏ రోడ్డు మీద జరిగింది, అప్పుడు ఏసీ నడుస్తోందా, బండిలో ఎంతమంది ఉన్నారు, ఎంత బరువు ఉంది, కారులో ఏ భాగం ఎలా మారితే ఆ ఇబ్బంది తీరుతుంది అన్న వివరాలు లేని కాగితాన్ని ఆమె స్వీకరించలేదు. ఆ పట్టుదల వల్ల సూచనల సంఖ్య తగ్గింది, విలువ పెరిగింది. ఆమెకు సంఘం రుణపడి ఉంది. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడుపుతున్న సభ్యులు తమ కార్యాలయంలో నాలుగు ఆదివారాలు మాకు చోటిచ్చి, భోజనాలు కూడా పెట్టించారు. వారికి, వారి కుటుంబానికి ధన్యవాదాలు. నాగర్‌కర్నూల్, దేవరకొండ సభ్యులు దూరాన్ని లెక్కచేయకుండా ప్రతి సమావేశానికీ వచ్చారు. నల్గొండ పట్టణంలోనే ఉంటూ రానివారి గురించి తరువాత రాస్తాను.

అందరికంటే ఎక్కువ మంది రాసిన సూచన బ్యాటరీకి గాలి పోయే జాలీ గురించి. చాలా హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి కారు లోపలి నుంచే పోతుంది. వెనుక సీటు పక్కనో, సీటు కిందో ఉండే చిన్న జాలీ ద్వారా ఒక ఫ్యాను ఆ గాలిని లాగుతుంది. మనిషికి హాయిగా ఉండే వేడిమే బ్యాటరీకీ మంచిదన్నది ఆ అమరిక వెనుక ఉన్న ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ మన దగ్గర ఆ సీటు మీద మనుషులే కూర్చోరు. మిర్చి సంచులు, బియ్యం బస్తాలు, పెళ్లి సామాన్లు ఆ సీటు మీదికీ, దాని కిందికీ చేరతాయి. పత్తి ఏరే నెలల్లో మునుగోడు, చండూరు వైపు తిరిగే సభ్యుల కార్లలో ఆ జాలీ వెనుక ఉన్న ఫిల్టరును ఊడదీసి చూస్తే, దూది పోగులూ ఎర్రమట్టి దుమ్మూ కలిసి దళసరి పొరలాగా పేరుకుని ఉన్నాయి. గాలి అందకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, వేడి బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది, కంప్యూటరు దాన్ని కాపాడుకోవడానికి మోటారు వాడకాన్ని తగ్గించి ఇంజను మీద భారం వేస్తుంది, మైలేజీ పడిపోతుంది. మొదట్లో ఒక్క వాక్యంలో మైలేజీ గురించి వాపోయిన కాగితాల్లో కొన్నిటికి అసలు కారణం ఈ జాలీయేనని నా నమ్మకం.

దీనికి మేము మూడు మార్పులు కోరాం. జాలీ మోకాలి ఎత్తుకు పైన, సామాను అడ్డు రాని చోట ఉండాలి. ఫిల్టరు స్క్రూడ్రైవరు అవసరం లేకుండా చేత్తో ఊడివచ్చి, కడిగి తిరిగి పెట్టుకునేలా ఉండాలి. గాలి తగ్గినప్పుడు, బ్యాటరీ పాడయ్యే దశ వచ్చేదాకా ఆగకుండా, ముందే డ్రైవరు ఎదుట ఉండే తెర మీద హెచ్చరిక రావాలి. వీటికి తోడు మహబూబ్‌నగర్ సభ్యులొకరు రాసిన మాట నాకు అన్నిటికంటే బాగా నచ్చింది. మే నెలలో ఎండలో నిలిపిన కారు ఎక్కగానే లోపలి గాలి నిప్పుల మీద నుంచి వచ్చినట్టు ఉంటుంది, బ్యాటరీ మొట్టమొదట పీల్చేది ఆ గాలినే. తాళం తీయగానే ఆ ఫ్యానే ముందు లోపలి వేడిని బయటికి తోసివేసి, ఏసీ చల్లబరిచిన తరువాత బ్యాటరీకి గాలి పంపేలా అమర్చమని ఆయన అడిగారు. 45 డిగ్రీల ఎండలో బతికే ఊరి మనిషికి తట్టే ఆలోచన ఇది.

ఇక ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసిన కార్యక్రమం శ్రీశైలం పరీక్షా యాత్ర. నల్గొండ కార్లు దేవరకొండ, డిండి మీదుగా, మహబూబ్‌నగర్ కార్లు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా బయలుదేరి, తెల్లవారకముందే మన్ననూరు చేరుకున్నాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు కాబట్టి, చెక్‌పోస్టు గేటు ఎత్తేదాకా అందరం టీ తాగుతూ నిలబడ్డాం. ప్రతి కారులో నడిపేవారి పక్కన ఒకరు నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నారు. బ్యాటరీ గుర్తు ఎన్ని గీతలు చూపుతోంది, ఇంజను ఎక్కడ అందుకుంది, ఎక్కడ ఆగింది అన్నది కిలోమీటరు రాళ్ల లెక్కన రాసుకున్నారు. ఇంత శ్రద్ధగా పని జరగడం నేను కార్యదర్శిగా ఉన్న కాలంలో చూడలేదు.

ఈ యాత్ర పెట్టుకోవడానికి ఒక కారణం ఉంది. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాము వైపు ఘాటు రోడ్డు దిగేటప్పుడు, కాలు యాక్సిలరేటరు మీద లేకపోయినా ఇంజను ఒక్కసారిగా హోరెత్తుతుందని, బండి పాడైందేమోనని భయపడి మలుపులో ఆపేశామని పలువురు రాశారు. యాత్రలో ఆ హోరు దాదాపు అన్ని కార్లలోనూ వినిపించింది. దిగువన చెట్ల కింద కూర్చోబెట్టి, మన ఉపాధ్యాయురాలు దాని లెక్క అందరికీ వివరించారు. 1,500 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 1.2 యూనిట్ల కరెంటుతో సమానం. మన కార్ల బ్యాటరీల మొత్తం సామర్థ్యమే ఒకటి రెండు యూనిట్లకు మించదు, అందులోనూ సగం ఎప్పుడూ నిండే ఉంటుంది. దిగేటప్పుడు మోటారు ఆ శక్తితో కరెంటు తయారుచేసి బ్యాటరీలోకి పంపుతుంది కాబట్టి, దిగుడు మొదలైన కాసేపటికే బ్యాటరీ నిండిపోతుంది. ఇంకా వచ్చే శక్తిని పెట్టుకోవడానికి చోటు లేక, పెట్రోలు కాల్చకుండానే ఇంజనును తిప్పి, దాన్నే బ్రేకుగా వాడుతుంది కారు. అది లోపం కాదు, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా కాపాడే ఏర్పాటు. ఆ మాట విన్నాక తిరుగు ప్రయాణంలో ఒక్క సభ్యుడు కూడా భయపడలేదు.

అయితే ఆ భయాన్ని పోగొట్టవలసింది చెట్టు కింద చెప్పిన పాఠం కాదు, కారే. అందుకే, ఇంజను బ్రేకుగా తిరుగుతున్నప్పుడు "బ్యాటరీ నిండింది, ఇంజను బ్రేకుగా పనిచేస్తోంది" అన్న ఒక్క వాక్యం తెలుగులో తెర మీద రావాలని కోరాం. దారి చూపే మ్యాపు కారులో ఉండనే ఉంది కాబట్టి, ముందు పెద్ద దిగుడు ఉందని తెలిసినప్పుడు ఎక్కుడులోనే బ్యాటరీని ఎక్కువగా వాడి ఖాళీ చేసుకోవాలని, ఆ విధంగా దిగుడులో ఎక్కువ శక్తిని దాచుకునే వీలు కలుగుతుందని రెండవ సూచన చేశాం. ఘాటు దిగేటప్పుడు ఇంజను బ్రేకుగా పనిచేసేలా వాడవలసిన బి గేరు గురించి షోరూములో ఎవరూ తమకు చెప్పలేదని యాత్రకు వచ్చినవారిలో ఎక్కువ మంది అన్నారు. ఆ గేరు ఉపయోగం గేరు పక్కనే బొమ్మ రూపంలో ఉండాలని కూడా రాశాం.

చిన్న బ్యాటరీ గురించిన సూచన పిల్లలు అమెరికాలో ఉన్న సభ్యుల నుంచి వచ్చింది. రెండు మూడు నెలలు అక్కడ ఉండి తిరిగి వచ్చేసరికి కారు తలుపు కూడా తెరుచుకోలేదని వారు రాశారు. పెద్ద బ్యాటరీలో కరెంటు ఉన్నా, దాన్ని కలిపే మీటలను, కంప్యూటరును మేల్కొలిపేది 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. అది ఖాళీ అయితే మిగతాదంతా వృథా. మీట నొక్కితే పెద్ద బ్యాటరీ నుంచే చిన్నదానికి కాస్త కరెంటు అందే ఏర్పాటు కొన్ని హైబ్రిడ్ కార్లలో ఇప్పటికే ఉంది. దాన్ని అన్నిటిలో పెట్టాలి. అంతవరకు, బానెట్ కింద బయటి బ్యాటరీ నుంచి వైరు తగిలించే చోటును తెలుగు అక్షరాలతో, ఎర్ర రంగుతో స్పష్టంగా చూపాలి.

చప్పుడు లేకుండా వెళ్లడం గురించి సభ్యుల్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఊరి వాడల్లో కారు మోటారు మీద వెళ్తుంటే అరుగు మీది ముసలివారికి, గొర్రెల మందకు వినబడదని, పైగా హారను కొడితే బెదిరిపోతారని కొందరు, ఉన్న నిశ్శబ్దాన్ని పాడుచేయవద్దని కొందరు వాదించారు. ఐరోపా సమాఖ్యలో కరెంటుతో నడిచే కార్లలో 2019 జూలై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జూలై నుంచి కొత్తగా అమ్మే కార్లన్నిటికీ, గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంలో వినబడే హెచ్చరిక ధ్వని తప్పనిసరి అయింది. అది హైబ్రిడ్లకూ వర్తిస్తుంది. ఆ ఉదాహరణ చూపి, ధ్వని ఉండాలని, అది మృదువుగా ఉండాలని రాశాం. నా సొంత అభిప్రాయమూ అదే.

2024 సెప్టెంబరు మొదట్లో కోదాడ ప్రాంతంలో వచ్చిన వరద తరువాత, వాగు దాటేటప్పుడు ఎంత లోతు వరకు ఫరవాలేదో ఎవరికీ తెలియదన్న విషయం బయటపడింది. తలుపు అడుగున, బయటికి కనబడేలా, ఇంతకు మించి నీళ్లలో దిగవద్దని ఒక గీత ఉండాలని కోరాం. ప్రమాదం జరిగినప్పుడు నారింజ రంగు తీగల్లో ప్రమాదకరమైన కరెంటు ఉంటుందని, వాటిని కోయకూడదని 108 సిబ్బందికి, అగ్నిమాపక సిబ్బందికి తెలియజేసే తెలుగు పత్రం డ్రైవరు ముందున్న ఎండ అడ్డుపలక వెనుకనే అమర్చాలన్నది మరొక సూచన. డిక్కీ చోటు, స్టెప్నీ, ఎత్తైన స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలడం, పొలాల దగ్గర ఎలుకలు వైర్లు కొరకడం గురించిన సూచనలు పత్రంలో వివరంగా ఉన్నాయి.

పన్ను మినహాయింపు కూడా ఇందులో చేర్చమని కొందరు గట్టిగా పట్టుబట్టారు. ఉత్తరప్రదేశ్ 2024 జూలైలో బలమైన హైబ్రిడ్లకు, అంటే మోటారు మీదే కొంత దూరం నడవగల కార్లకు, రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించిన మాట నిజమే. కానీ డిజైన్ విభాగంలో కూర్చున్న ఇంజనీరు పన్ను తగ్గించలేడు. రెండూ కలిపితే రెండూ పలచబడతాయని కార్యవర్గం భావించి, దాన్ని వేరుగా ఉంచింది.

పత్రం పంపిన తరువాత రెండు సంస్థల నుంచి అందినట్టు రసీదు మాత్రమే వచ్చింది. ఒక డీలరు ప్రతినిధి సమావేశానికి వస్తానని మూడుసార్లు మాట ఇచ్చి, మూడుసార్లూ రాలేదు. మూడవసారి మేము కుర్చీ వేసి సాయంత్రం దాకా ఎదురుచూశాం. స్థానిక మెకానిక్‌లకు శిక్షణ ఇప్పించమని ఒక కార్యాలయానికి ఇచ్చిన వినతిపత్రం ఏ బల్ల మీద ఉందో ఇప్పటికీ తెలియరాలేదు. మనవాళ్ల సంగతి కూడా చెప్పక తప్పదు. యాత్రలో నోటుపుస్తకాలు రాయడానికి పేర్లు ఇచ్చినవారిలో సగం మంది ఆ ఉదయం ఫోను ఎత్తలేదు. నల్గొండలో ఇల్లు ఉండి, క్లాక్ టవర్ దగ్గరి సమావేశానికి ఒక్కసారి కూడా రాని సభ్యులు, అచ్చంపేట నుంచి బస్సెక్కి వచ్చినవారిని చూసైనా ఆలోచించుకోవాలని మనవి చేస్తున్నాను. బాధతోనే ఈ మాట రాస్తున్నాను.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా చదువుతారు. యాత్రకు పెట్రోలు ఎవరి ఖర్చు వారే పెట్టుకున్నారని, సంఘం డబ్బు జిరాక్సు, తపాలా, అద్దె ఖర్చులకే వాడామని మాత్రం చెబుతున్నాను. చందా బకాయి ఉన్నవారు ఈ రోజే కట్టవలసిందిగా కోరుతున్నాను.

రాబోయే ఏడాదిలో సూచనల పత్రం రెండవ ప్రతిని, జాలీ ఫిల్టర్ల ఫోటోలతో, ఘాటు నోటుపుస్తకాల నకళ్లతో కలిపి తిరిగి పంపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. అందుకోసం ప్రతి సభ్యుడూ వచ్చే పత్తి సీజను ముగిసేలోపు తన కారు ఫిల్టరును ఊడదీసి, ఫోటో తీసి, మీటరు రీడింగుతో సహా మాకు అందించాలి. ఆ పని జిల్లాల వారీగా చూసుకోవడానికి నలుగురు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వవలసిందిగా, ఈ నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి