జట్టు చెడింది డబ్బు వల్లనే కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో ఆడిన మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో నగరాన్ని వదిలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిపోయింది. కారణమేమిటని ఎవరిని అడిగినా డబ్బు కరువన్న జవాబే వస్తున్నది. జీతాల బకాయిల మాట నిజమే. కాని గచ్చిబౌలి స్టేడియంలో ఆ జట్టు ఆటను మొదటి నుంచీ చూసిన అభిమానిగా నా అభిప్రాయం వేరు. కోచ్‌ను, ఆటగాళ్లను ఎంచుకోవడానికి ఆ క్లబ్బులో ఒక స్థిరమైన పద్ధతి ఏనాడూ వేళ్లూనుకోలేదు. మధ్యలో కనిపించిన మంచి పద్ధతి కూడా ఒక మనిషితో వచ్చి ఆయనతోనే వెళ్లిపోయింది.

2019-20 తొలి సీజన్‌కు ఇంగ్లండ్ నుంచి ఫిల్ బ్రౌన్‌ను కోచ్‌గా తెచ్చి, జనవరిలో సీజన్ నడుమనే తప్పించారు. 18 మ్యాచ్‌లలో రెండే గెలిచి జట్టు అట్టడుగున మిగిలింది. తరువాత నియమించిన అల్బర్ట్ రోకా బార్సిలోనా నుంచి పిలుపు రాగానే వెళ్లిపోతే, ఆ ఖాళీని నింపడానికి 2020 ఆగస్టు చివరలో మానోలో మార్కెజ్ వచ్చారు. అంటే క్లబ్ చరిత్రలోకెల్లా మంచి నియామకం కూడా ముందుచూపుతో కాక అవసరం కొద్దీ జరిగినదే.

మార్కెజ్ చేసిన పని నిదానంగా చెప్పుకోదగినది. రెండు అంచుల రక్షకులుగా, అంటే లెఫ్ట్ బ్యాక్‌గా పందొమ్మిదేళ్ల ఆకాశ్ మిశ్రాను, రైట్ బ్యాక్‌గా ఆశిష్ రాయ్‌ను నమ్మి వరుసగా ఆడించారు. ఇద్దరూ రెండు పక్కల నుంచి చివరి గీత దాకా దూసుకుపోయి బంతిని గోల్ ముందుకు పంపుతుంటే, లోపల విదేశీ స్ట్రైకర్ ఒగ్బెచె కాచుకుని ఉండేవాడు. 2021-22లో అతడు 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఐఎస్‌ఎల్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌పై 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేయగా, పెనాల్టీలలో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చిపెట్టాడు.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. కప్పు గెలవడానికి ముందే, 2021లో, ఫార్వర్డ్ లిస్టన్ కొలాసోను కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్‌కు అమ్మేశారు. మరుసటి ఏడు ఆశిష్ రాయ్ కూడా అక్కడికే పోయాడు. అయినా జట్టు 2022-23లో లీగ్ పట్టికలో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. కాబట్టి ఆటగాళ్లను అమ్మడమే తప్పని నేననను. ఎవరు పోయినా ఆ చోట ఎవరిని నిలపాలో తెలిసిన కోచ్ ఉన్నంత కాలం జట్టు తట్టుకున్నది. 2023 వేసవిలో మార్కెజ్ గోవా క్లబ్బుకు, మిశ్రా ముంబై క్లబ్బుకు వెళ్లినప్పుడు, ఒగ్బెచె కూడా దూరమైనప్పుడు, వారి వారసుల గురించి ముందే ఆలోచించిన వారు క్లబ్బులో ఎవరూ లేరని తరువాతి నెలలు రుజువు చేశాయి.

జీతాల బకాయిలతో ఫిఫా కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం విధించింది. విదేశీయులు ఒక్కొక్కరే వెళ్లిపోగా జువావ్ విక్టర్ మాత్రం మిగిలాడు. అతని చుట్టూ అనుభవం లేని కుర్రాళ్లు పెద్ద జట్ల మీద ఆడుతుంటే గ్యాలరీలో కూర్చుని చూడడం బాధగా ఉండేది. 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ పరిస్థితిలో జట్టును నడిపిన కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టోపై నింద మోపడం అన్యాయం. కాని 2024లో యాజమాన్యం మారాక కూడా జట్టును ఆఖరు క్షణంలో కూర్చి, ఆయనకు అప్పగించి, డిసెంబరులో ఆయననే తొలగించారు. ఐదేళ్ల కిందట బ్రౌన్ విషయంలో జరిగినదే మళ్లీ జరిగింది. జట్టు 13 జట్లలో 12వ స్థానానికి పరిమితమైంది.

ఐఎస్‌ఎల్‌లో క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ పద్ధతి 2017తోనే ముగిసింది. మంచి ఆటగాడు మా వంతు రాకముందే పోయాడని చెప్పుకునే వీలు హైదరాబాద్ క్లబ్బుకు ఎన్నడూ లేదు. ఎవరిని తీసుకోవాలన్నది పూర్తిగా వారి చేతిలోని పనే. పైగా అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌కు దిగిపోయే నియమం కూడా అమలు కాకపోవడంతో, తప్పుడు ఎంపికలకు మైదానంలో చెల్లించవలసిన మూల్యమే లేకుండా పోయింది. నా దృష్టిలో ఇది చాలా పెద్ద లోపం.

ఈ నగరానికి ఎంపిక, శిక్షణ తెలియనివి కావు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు దేశంలోని పేరున్న ఫుట్‌బాల్ పోటీ రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించిన భారత జట్లకూ ఆయనే కోచ్. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు. 2022లో కప్పు ఎత్తిన జట్టు వెన్నెముక మాత్రం గోవా, సిక్కిం, ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లది. వారిని తీసుకోవడం తప్పు కాదు. బార్కస్, బొల్లారం మైదానాల్లో ఆడుతున్న మన పిల్లలకూ అటువంటి దారి ఏర్పడలేదన్నదే నా ఫిర్యాదు.

గచ్చిబౌలి స్టేడియాన్ని రేపు మరో క్లబ్బుకు ఇచ్చే ముందు ప్రభుత్వం, తెలంగాణ ఫుట్‌బాల్ సంఘం కొన్ని విషయాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆటగాళ్ల ఎంపికకు బాధ్యుడెవరు, కోచ్‌కు ఎన్నేళ్ల ఒప్పందం, ఆయన వెళ్లిపోతే పగ్గాలు ఎవరికి, స్థానిక కుర్రాళ్లకు తొలి జట్టులో ఎన్ని చోట్లు? కొత్త కోచ్ పేరును ప్రకటించిన రోజున మీ క్రీడా విలేకరులు కూడా ఇవే ప్రశ్నలు వేసి, జవాబులను ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని,
సికింద్రాబాద్