లాండ్రీ గదికి కావాల్సింది ఫొటోలు కాదు, కొలతలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఆదివారం అనుబంధంలో చిన్న లాండ్రీ గదిని ఎలా సర్దుకోవాలో చెబుతూ రెండు పేజీల వ్యాసం వచ్చింది. చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపంలో రాయకూడదని ఆగాను గానీ ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. పేజీల నిండా తెల్లటి గోడలు, గాజు సీసాల్లో పోసిన డిటర్జెంట్ పొడి, క్యాప్సూళ్లు, అందమైన బుట్టలు, వాషింగ్ మెషిన్ మీద పూలకుండీ. సామాను పెట్టుకునే అర ఎంత లోతుండాలి? దేనితో చేయించాలి? ఎలాంటి గోడకు బిగించాలి? అంత పెద్ద వ్యాసంలో ఒక్క అంకె కూడా లేదు. దాన్ని చూసి ఎంతమంది ఇప్పటికే వడ్రంగిని పిలిచి ఉంటారో అనే నా బాధ.

మామూలు ఫ్రంట్ లోడ్ మెషిన్ 60 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు అంతే లోతు, 85 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. వెనక పైపులకీ ప్లగ్గుకీ ఓ 10 సెంటీమీటర్లు వదిలితే గోడ నుంచి 70 దాకా ముందుకు వస్తుంది. దాని తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకున్నాక దాని ముందు మనిషి వంగి బట్టలు తీయాలి. ఈ లెక్క వేసుకున్నాక మిగిలిన చోటే అరలది. టాప్ లోడ్ అయితే మూత పైకి లేస్తుంది కాబట్టి, తెరిచిన మూత ఎక్కడిదాకా వస్తుందో చూసుకున్నాకే పైన అర బిగించాలి. ఫొటోలో మెషిన్ మీద రెండడుగుల లోతు అల్మారా నిండుగా కనిపిస్తుంది. ముందు మెషిన్ అడ్డం ఉండగా అంత లోతులో వెనకున్న వస్తువు ఎవరికి అందుతుంది? 30 సెంటీమీటర్ల లోతు చాలు. అదీ కంటి ఎత్తు దాటితే ముందు వరుస తప్ప చేతికి రాదు. మెషిన్‌కీ గోడకీ మధ్య సందు ఉంటే చక్రాల సన్నటి ర్యాక్ పెట్టుకోమన్నారు. ఆ ఒక్క సలహా మాత్రం నిజంగా పనికొచ్చేదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి లాగేయొచ్చు.

స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి 1000 నుంచి 1400 సార్లు తిరుగుతుంది. బట్టలన్నీ ఒకవైపు చేరిపోతే మెషిన్ ఊగుతుంది, ఆ కుదుపు గోడదాకా పోతుంది. అర అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల పట్టీ లేకపోతే సీసాలు కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చి కింద పడతాయి. ఇక గోడ సంగతి. ఇప్పుడు లోపలి గోడలు చాలాచోట్ల బోలు ఇటుకలతోనో తేలికపాటి బ్లాకులతోనో కడుతున్నారు. మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ వాటిలో గట్టిగా పట్టవు. ఆ గోడలకు తగిన యాంకర్లు, అంటే స్క్రూను గోడలో పట్టి ఉంచే బిగింపులు, వేరే ఉంటాయి. 5 లీటర్ల లిక్విడ్ డబ్బా ఒక్కటే 5 కిలోలు దాటుతుంది. అలాంటివి రెండు, పైన ఇస్త్రీ పెట్టె, ఒక బకెట్ పెడితే ఆ బరువంతా మోసేది నాలుగు స్క్రూలే. ఇది చెప్పకుండా అరలు బిగించుకోమనడం పాఠకుల నెత్తిమీదికి తేవడమే.

చెక్క గురించి నా అనుభవం చెబుతాను. మా ఫ్లాట్‌లో బిల్డరే లాండ్రీ గదికి అల్మారా చేయించి ఇచ్చాడు. పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పలక. ఇంట్లోకి వచ్చిన ఏడాదికే కింది అంచు తేమ పీల్చి ఉబ్బింది, పైన అతికించిన షీటు లేచిపోయింది. తలుపు కీలు స్క్రూ బిగిద్దామంటే పట్టదు, ఊరికే తిరుగుతుంది, రంధ్రంలోంచి తడి పొట్టు రాలుతుంది. అడిగితే మీరే నీళ్లు పోశారన్నాడు. బట్టలుతికే గదిలో నీళ్లు పడక ఇంకెక్కడ పడతాయండీ? తేమ ఉండే చోట మెరైన్ ప్లైవుడ్డో, పీవీసీ బోర్డో, పౌడర్ కోటింగ్ వేసిన కమ్మీల అరో పెట్టాలి. కమ్మీల అర అయితే గాలి ఆడుతుంది, తడి బట్టల బుట్ట పెట్టినా బూజు వాసన రాదు. అల్మారా ఏదైనా నేలకు ఆనకుండా కాళ్లమీద నిలబెట్టాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. చెప్పాలన్న శ్రద్ధ ఉండాలి, అంతే.

అన్నిటికన్నా నాకు భయమేసింది గాజు సీసాల ఫొటో చూసి. డిటర్జెంట్‌నీ బ్లీచ్‌నీ అసలు డబ్బాల్లోంచి తీసి సీసాల్లో పోస్తే హెచ్చరికల లేబుల్ పోతుంది, పిల్లలు తీయలేని మూత పోతుంది. ద్రవం నింపిన రంగురంగుల డిటర్జెంట్ క్యాప్సూళ్లను చిన్నపిల్లలు తినేవనుకుని నోట్లో పెట్టుకుంటున్నారనే ఐరోపా సమాఖ్య 2015 నుంచి వాటి డబ్బాలు లోపలిది బయటికి కనిపించకుండా ఉండాలని, పైపొరలో చేదు పదార్థం కలపాలని నిబంధన పెట్టింది. మీ అనుబంధం అవే క్యాప్సూళ్లను పారదర్శకమైన సీసాలో పోసి, పిల్లల చేతికందే అరలో పెట్టి చూపించింది. బ్లీచ్, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్ పక్కపక్కన పెట్టకూడదన్న మాట కూడా రాయలేదు. రెండూ కారి కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని ఇరుకు గదిలో అది ఊపిరితిత్తులకు ఎంత ప్రమాదమో మళ్లీ చెప్పాలా? ఇలాంటివి తాళం వేసే అల్మారాలో, ఒక్కోదాన్నీ వేరే ట్రేలో పెట్టమని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

నీళ్ల కుళాయి మాటా అంతే. మా పై అంతస్తు వాళ్లింట్లో మెషిన్ పైపు ఊడిపోయింది. కుళాయేమో బిగించేసిన అల్మారా వెనక ఉంది. స్క్రూడ్రైవర్ వెతికి వెనక పలక ఊడదీసేసరికి నీళ్లు మా హాల్లోకి కారాయి. కుళాయి, ప్లగ్ స్విచ్, మెషిన్ ఫిల్టర్ మూత, ఈ మూడూ ఏదీ జరపకుండా చేతికి అందాలి. డ్రయ్యర్ ఉన్నవాళ్లు దాని వెనక పేరుకునే నూలు పొట్టు తీసే దారి కూడా ఉంచుకోవాలి, ఆ పొట్టు ఇట్టే అంటుకుంటుంది.

అయినా మొత్తం తప్పు మీ పత్రికదే అనను. తిలా పాపం తలా పిడికెడు. ప్లాన్ గీసేవాళ్లు హాలు, పడకగదులు గీశాక మిగిలిన మూలకు లాండ్రీ అని పేరు పెడతారు. మంజూరు చేసే అధికారులు అందులో మెషిన్ పడుతుందా, తలుపు తెరుచుకుంటుందా, నేల వాలు ఎటుంది, గాలి ఎలా వస్తుంది అని చూడకుండా ముద్ర వేస్తారు. తర్వాత ఎవరిని అడిగినా మాకు సంబంధం లేదని చేతులు దులుపుకుంటారు. మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఇళ్ల కోసం ఒక వంటగది రూపొందించారు. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు మూడున్నర మీటర్ల లోపే. పని చేసే మనిషి అందులో ఎన్ని అడుగులు వేయాల్సి వస్తుందో లెక్కగట్టి, సరుకులకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు, గోడకు మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల అమర్చారు. అలాంటి వంటగదులు దాదాపు 10,000 కట్టారు. నూరేళ్ల కిందట సామాన్యుల ఇళ్లకు పెట్టిన ఆ బుద్ధి ఇప్పుడు అప్పులు చేసి కొనుక్కుంటున్న ఫ్లాట్లకు ఎందుకు పెట్టరు? ఇంటిపనికి ఇచ్చే విలువ ఇంతేనా?

అధికారులకు నా విన్నపం ఒక్కటే. ప్లాన్‌లో లాండ్రీ గది చూపిస్తే మెషిన్, తెరిచిన తలుపు, కుళాయి, డ్రెయిన్, కనీసం ఒక అర కొలతలతో సహా గీయించండి. గీయకపోతే వెనక్కి పంపండి. సంపాదకులైన మీకు నా విన్నపం ఏమిటంటే, ఇదే విషయం మీద ఈసారి ఫొటోలు మానేసి, అర పేజీలో ఒక కొలతల బొమ్మ వేయండి. బ్లీచ్ ఎక్కడ, పొడి ఎక్కడ, ఏ ఎత్తులో ఏ బరువు, ఏ గోడకు ఏ యాంకర్ అని అందులో ఉండాలి. వేస్తే కత్తిరించి మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు